ఏ ఏడు ఏం జరిగింది? కాలరేఖ చదువుదాం

అనంతపురం పల్లెల్లో పెద్దవాళ్లను వయసు అడిగితే అంకె చెప్పరు. "గంజి కరువు నాటికి నేను చంటిపిల్లను" అంటారు. "చెరువు తెగిన ఏడు నా పెండ్లి అయింది" అంటారు. వాళ్ల లెక్క తప్పు కాదు. జ్ఞాపకం ఉంచుకోవడానికి అది మంచి పద్ధతి. కానీ ఆఫీసు కాగితంలో ఆ మాట రాయరు. అక్కడ అంకె కావాలి. మాటను అంకెగా మార్చడానికి కాలరేఖ పనికొస్తుంది.

కాలరేఖ అంటే ఏమిటి?

ముందు జరిగింది ముందు, తర్వాత జరిగింది తర్వాత వరుసగా రాస్తారు. ప్రతి సంగతి పక్కన సంవత్సరం వేస్తారు. అదే కాలరేఖ. పైనుంచి కిందికి చదవాలి. పైన పాతకాలం ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ మన కాలం వస్తుంది.

మన సీమ కాలరేఖ

1800 – నిజాం నవాబు ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు.
1876-78 – పెద్ద కరువు వచ్చింది. దీన్ని ధాత కరువు అంటారు.
1882 – బళ్ళారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు.
1928 – నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టారు.
1947 – దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది.
1952 – సీమలో కరువు. ప్రభుత్వం గంజి కేంద్రాలు పెట్టింది.
1953 – ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని.
1956 – ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.
2006 – నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది.
2022 – జిల్లా రెండయింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది.

ముందా? వెనకా?

కాలరేఖలో మొదట చూడాల్సింది ఏది ముందు, ఏది వెనక అని. ధాత కరువు 1876లో మొదలైంది. అనంతపురం జిల్లా 1882లో వచ్చింది. అంటే ధాత కరువు నాటికి అనంతపురం జిల్లా లేదు. ఆనాటి సంగతులు ప్రభుత్వ కాగితాల్లో వెతకాలంటే బళ్ళారి జిల్లా కింద చూడాలి.

ఎన్నేళ్లు?

రెండు సంగతుల మధ్య కాలం తెలియాలంటే తీసివేత చేయాలి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలి.

1952 – 1876 = 76

ధాత కరువు మొదలైన 76 ఏళ్లకు గంజి కరువు వచ్చింది. ధాత కరువులో పుట్టిన పిల్ల బతికి ఉంటే, గంజి కరువు నాటికి ముసలమ్మ అయి ఉంటుంది.

వయసు లెక్క

ఒక అవ్వ ఉందనుకోండి. ఆమె ఆధార్ కార్డులో పుట్టిన ఏడు 1965 అని ఉంది. ఎవరో అందాజుగా రాయించారు. 2024లో పింఛను అడిగితే 59 ఏళ్లే అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకు సాధారణంగా 60 ఏళ్లు నిండాలని 2019లో నిర్ణయించారు.

కానీ అవ్వ ఏమంటుంది? "గంజి కేంద్రాలు పెట్టినప్పుడు నేను మాయమ్మ చంకలో ఉన్నాను" అంటుంది. కాలరేఖ చూడండి. గంజి కేంద్రాలు 1952లో పెట్టారు. అప్పటికి ఆమెకు ఒక ఏడు అనుకుందాం. అంటే సుమారు 1951లో పుట్టింది.

2024 – 1951 = 73

ఈ లెక్క సరైనదేనా? ఇంకో రకంగా చూద్దాం. అవ్వ పెద్దకొడుకు బడి సర్టిఫికెట్‌లో అతను 1971లో పుట్టినట్టు ఉంది. కార్డు నిజమైతే అప్పటికి అవ్వకు 6 ఏళ్లు. ఆరేళ్ల పిల్ల తల్లి అవుతుందా? కాదు. 1951 లెక్క అయితే 20 ఏళ్లు. అది సరిపోతుంది.

ఈ లెక్క ఒక్కటే ఆఫీసులో రుజువు కాదు. అయినా కార్డులో తప్పు ఉందని దీంతో తెలిసింది. ఏ కాగితాలు వెతకాలో కూడా తెలిసింది.

ఒక జాగ్రత్త

తెలుగు సంవత్సరాల పేర్లు 60. అవి అయిపోతే మళ్లీ మొదటికి వస్తాయి. ధాత అనే పేరు 1876లో వచ్చింది. 1936లో వచ్చింది. 1996లోనూ వచ్చింది. అందుకే "ధాతలో పుట్టింది" అంటే చాలదు. ఏ ధాత అని అడగాలి. అంకె అయితే మళ్లీ రాదు.

కాలరేఖ చూసి ఆలోచిద్దాం

1877లో కరువు పనిలో రాళ్లు కొట్టే మనిషికి రోజుకూలి తగ్గించారు. ఒక పౌను ధాన్యం, దాంతోపాటు కొద్దిపాటి డబ్బు ఇచ్చారు. పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. అడగడానికి చట్టం లేదు. 2006లో బండ్లపల్లిలో మొదలైన పథకం వెనక చట్టం ఉంది. ఇంటికి ఏడాదిలో 100 రోజుల పని అడగవచ్చని ఆ చట్టం చెప్పింది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి అంది. 1876కూ 2006కూ మధ్య 130 ఏళ్లు. సీమలో కరువు పోలేదు. కానీ సర్కారు దయగా ఇచ్చేది, అడిగి తీసుకునే హక్కు అయింది.

చేయండి

1. 1882 నుంచి 2022 వరకు ఎన్నేళ్లు?
2. మీ అమ్మ, మీ అత్త పుట్టినప్పుడు ఊళ్లో ఏం జరిగిందో అడగండి. ఆ ఏడు ఏదో లెక్క కట్టండి.
3. మీ ఇంటి కాలరేఖ రాయండి. మీ పుట్టుక, పెండ్లి, పిల్లల పుట్టుక, బావి తవ్వించిన ఏడు, ఎండిన ఏడు అందులో వేయండి. మీరు చదువు నేర్చుకున్న ఏడు కూడా వేయండి.
4. ఇంట్లో అందరి కార్డులు దగ్గర పెట్టుకోండి. తల్లి వయసు, బిడ్డ వయసు సరిపోతున్నాయా? చూడండి.