పదిమంది కూడిన చోట మౌనం



ఆలయసేవ కానీ, అంగడి కానీ, కార్యాలయం కానీ, పదిమంది కలిసి చేసే పనికి ఒక ఆపద ఎప్పుడూ పొంచి ఉంటుంది. తప్పు కనిపెట్టినవాడు నోరు మెదపకపోవడమే ఆ ఆపద. శాస్త్రాలు చదివిన నాకు ఈ పాఠం నా పొరపాటు వల్లనే వంటబట్టింది.

సుమారు నలభై సంవత్సరాల క్రితం నేనొక సంస్కృత పాఠశాలలో అధ్యాపకుడిని. పిల్లల కోసం స్తోత్రాల పుస్తకమొకటి అచ్చువేయ సంకల్పించారు. ప్రధానాచార్యులవారు వృద్ధులు, గొప్ప విద్వాంసులు. అచ్చుప్రతిని వారు చదువుతుండగా మేము నలుగురం వింటున్నాం. దీర్ఘం ఉండవలసిన చోట హ్రస్వం పడింది. వారి చూపు దానిని దాటిపోయింది. మా నలుగురికీ ఆ తప్పు తెలిసింది, ఎవరమూ పలుకలేదు. పెద్దవారికి చెప్పడమా అని ఒకరు, మరొకరు చెబుతారులే అని ఒకరు వెనుకాడారు. అందరూ ఊరకున్నారు కనుక నేనే పొరబడ్డానేమోనని నేననుకున్నాను. పుస్తకం అచ్చయింది.

ఆ ఏటి వార్షికోత్సవంలో ఎనిమిదేళ్ల బాలుడొకడు పుస్తకంలో ఉన్నట్టే చదివాడు. ఉచ్చారణ దోషమని ఆచార్యులవారు సభలోనే మందలించారు. పిల్లవాడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ రాత్రి నేను వెళ్లి జరిగినది విన్నవించాను. వారు కోపగించుకోలేదు. "ఆనాడే ఎందుకు చెప్పలేదు నాయనా?" అన్నారు. మరునాడు ఆ బాలుణ్ణి పిలిచి, తప్పు వాడిది కాదని అందరి ఎదుట చెప్పారు. నేను మర్యాద అనుకున్నది భయమేనని నాకప్పుడు బోధపడింది.

యజ్ఞంలో హోత, అధ్వర్యుడు, ఉద్గాత, బ్రహ్మ అని నలుగురు ప్రధాన ఋత్విక్కులు. బ్రహ్మ చాలావరకు మౌనంగానే కూర్చుంటాడు. అయినా కర్మలో లోపం జరిగితే గుర్తించి సరిదిద్దే భారం ఆయనదే. ఆ మౌనం మెలకువతో కూడినది. మాది తప్పించుకునే మౌనం.

మాట్లాడడంలోనూ తారతమ్యం ఉంది. న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా చెప్పింది. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనకంటూ పక్షం లేక ఎదుటివాని మాటను ఖండించడమే వితండ. కార్యాలయాలలో కలహాలు ముదరడానికి వాదం జల్పంగా మారడమే తరచు కారణం.

వాదం చక్కగా నడిచిన చోటు మన కడపలోనే ఉంది. 1820లో ఉద్యోగిగా ఇక్కడికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) అనంతరకాలంలో తన బంగళాలోనే పండితులకు, లేఖకులకు సొంత ధనంతో వేతనాలిచ్చి తెలుగు కావ్యాలను పరిష్కరింపజేశాడు. ఒక కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ తెప్పించి, పాఠభేదాలను ముందుగా వ్రాయించేవాడు. పిమ్మట వ్యాకరణం, ఛందస్సు, సంస్కృతాంధ్రాలు ఎరిగిన పండితులతో కూర్చుండి, న్యాయాధిపతి సాక్ష్యాలను తూచినట్లు తూచి పాఠాన్ని నిర్ణయించేవాడు. ఆయన కొలువులోని పండితులలో జూలూరి అప్పయ్య ఒకరు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే నేడు బ్రౌన్ గ్రంథాలయం వెలసింది.

ఈ పద్ధతిలోని మర్మం గమనించండి. భేదం ముందే కాగితం మీదికి వచ్చింది కనుక, దానిని పలికే సాహసం ఏ ఒక్కరి మీదా పడలేదు. ప్రశ్న పాఠం మీద ఉంది, పెద్దల గౌరవం మీద లేదు.

కాబట్టి మీ అంగడిలో, కార్యాలయంలో, అన్నదాన సేవలో పెద్దరికం వహించేవారు తమ అభిప్రాయం చివర చెప్పండి. చిన్నవారిని ముందుగా అడగండి. తప్పు చూపినవారిని నలుగురిలో మెచ్చుకోండి. చిన్నవారైతే వినయంగా, ఏకాంతంలోనైనా సరే, ఆనాడే చెప్పండి. మీరు దాచిన తప్పుకు ఏ పాపమూ ఎరుగని మరొకరు కన్నీరు పెట్టకూడదు.

శుభం భూయాత్.