ఎఫ్ఎఫ్ఎంపెగ్ కంపైల్ చేస్తుంటే ‘నాట్ ఫౌండ్’ అంటోందా? లైబ్రరీని మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు ఈ లాగ్ చూడండి

లైబ్రరీ ఇన్‌స్టాల్ చేశారు. కాన్ఫిగర్ రన్ చేస్తే ‘నాట్ ఫౌండ్ యూజింగ్ పీకేజీ-కాన్ఫిగ్’ అని ఎర్రర్. సరే, ఏదో తేడా జరిగిందేమోనని ఇంకోసారి ఇన్‌స్టాల్ చేశారు. మళ్లీ అదే ఎర్రర్. సోర్స్ నుంచి వీడియో ఎన్‌కోడర్ కట్టుకోవాలనుకున్న చాలామంది ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. నేను కూడా ఒక రాత్రి దాదాపు వదిలేశాను.

ఓ ఫోన్ కెమెరా రివ్యూ కోసం 4కే వీడియో శాంపిల్స్ సైజు తగ్గించాల్సి వచ్చింది. తగ్గిస్తే క్వాలిటీ ఎంత పోతోందో చెప్పే వీమాఫ్ స్కోర్ కూడా పెడితే బాగుంటుందనిపించింది. వీమాఫ్ అంటే నెట్‌ఫ్లిక్స్ తయారుచేసి 2016లో ఓపెన్ సోర్స్ చేసిన కొలమానం. ఒరిజినల్ క్లిప్‌ని, కంప్రెస్ చేసిన క్లిప్‌ని పక్కపక్కన పెట్టి పోల్చి 0 నుంచి 100 లోపు మార్కు వేస్తుంది. నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఉన్న ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఆ ఫిల్టర్ లేదు. కంపైల్ చేద్దాం, అరగంట పని అనుకున్నా. రాత్రి 10కి మొదలుపెడితే తెల్లవారుజాము 2 అయినా తేలలేదు. పొద్దున 9కి ఆర్టికల్ ఇవ్వాలి!

స్క్రీన్ మీద వస్తున్నది ఒకటే లైన్: ‘లిబ్‌వీమాఫ్ 2.0.0 లేదా అంతకన్నా కొత్తది దొరకలేదు’ అని. అది చదివి నా వెర్షన్ పాతదేమో అనుకున్నా. మూడుసార్లు కొత్త సోర్స్ దించి, మూడుసార్లు బిల్డ్ చేశా. కానీ సమస్య వెర్షన్‌ది కాదు, ఒక ఫోల్డర్‌ది. ఆ సంగతి లాగ్ ఫైల్‌లో మొదటి ప్రయత్నం నుంచీ రాసే ఉంది. నేనే చూడలేదు.

(చిన్న మాట: కమాండ్లు, ఫైల్ పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే టైప్ చేయాలి. పెద్దక్షరాలు కావాల్సిన చోట ప్రత్యేకంగా చెబుతాను.)

ఆ ఎర్రర్ లైన్ సగం నిజమే చెబుతుంది

ఎఫ్ఎఫ్ఎంపెగ్ కాన్ఫిగర్ అనేది చేత్తో రాసిన ఒక పెద్ద షెల్ స్క్రిప్ట్. లైబ్రరీ ఉందో లేదో అది ఊహించదు, టెస్ట్ చేసి చూస్తుంది. ముందు పీకేజీ-కాన్ఫిగ్ అనే చిన్న టూల్‌ని ‘ఫలానా లైబ్రరీ ఎక్కడుంది, ఏ ఫ్లాగ్స్ ఇవ్వాలి’ అని అడుగుతుంది. ఆ టూల్ ప్రతి లైబ్రరీకి ఉండే .పీసీ ఫైల్ చదివి జవాబు చెబుతుంది. తర్వాత కాన్ఫిగర్ రెండు మూడు లైన్ల సీ ప్రోగ్రామ్ ఒకటి రాసి, ఆ ఫ్లాగ్స్‌తో కంపైల్ చేసి, లింక్ చేసి చూస్తుంది. ఈ మెట్లలో ఎక్కడ తప్పినా పైకి చెప్పేది ఒకటే మాట: నాట్ ఫౌండ్.

అంటే .పీసీ ఫైల్ కనపడకపోయినా నాట్ ఫౌండే. కనపడింది గానీ వెర్షన్ పాతదైనా అదే మాట. అన్నీ ఉండి చివర్లో లింకింగ్ ఫెయిలైనా అదే మాట. మందు మాత్రం మూడింటికీ వేర్వేరు.

అసలు కారణం ఎఫ్ఎఫ్‌బిల్డ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్.లాగ్ అనే ఫైల్ చివర్లో ఉంటుంది. ఫైల్ చాలా పెద్దది, మొత్తం చదవక్కర్లేదు. ‘టెయిల్ -ఎన్ 30 ఎఫ్ఎఫ్‌బిల్డ్/కాన్ఫిగ్.లాగ్’ కొడితే చివరి 30 లైన్లు వస్తాయి. సాధారణంగా అవి సరిపోతాయి.

నా లాగ్‌లో ఉన్నది ఇది: ‘ప్యాకేజ్ లిబ్‌వీమాఫ్ వాజ్ నాట్ ఫౌండ్ ఇన్ ద పీకేజీ-కాన్ఫిగ్ సెర్చ్ పాత్’. పాత వెర్షనే సమస్య అయితే ‘మీరు అడిగింది 2.0.0, ఉన్నది 1 చిల్లర’ అనే అర్థంలో వేరే లైన్ వచ్చేది. పై ఎర్రర్ ఒకటే, కింద లాగ్ వేరు. ఈ తేడా తెలిసుంటే ఆ నాలుగు గంటలూ నిద్రపోయేవాణ్ని.

ఉంది, కానీ వెతికే చోట లేదు

సిస్టమ్‌ని కెలకకుండా హోమ్ ఫోల్డర్‌లోనే ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్_బిల్డ్’ అనే ఫోల్డర్ పెట్టుకుని అన్నీ అందులో ఇన్‌స్టాల్ చేయడం చాలా గైడ్లు చెప్పే పద్ధతి. మంచి పద్ధతే. తేడా వస్తే ఆ ఫోల్డర్ డిలీట్ చేస్తే చాలు. కాకపోతే పీకేజీ-కాన్ఫిగ్ తనంతట తాను మీ హోమ్ ఫోల్డర్‌లోకి తొంగిచూడదు. పీకేజీ_కాన్ఫిగ్_పాత్ అనే వేరియబుల్‌లో (ఇది పెద్దక్షరాల్లో) ఆ దారి మనమే ఇవ్వాలి: బిల్డ్ ఫోల్డర్, దానిలో లిబ్, దానిలో పీకేజీకాన్ఫిగ్.

నేను అది ఇచ్చాను. అయినా దొరకలేదు. ఎందుకంటే లిబ్‌వీమాఫ్ బిల్డ్ అయ్యేది మీసాన్, నింజా అనే టూల్స్‌తో. ఉబుంటు, డెబియన్‌లలో మీసాన్ తన లైబ్రరీలను నేరుగా లిబ్‌లో పెట్టదు. లిబ్ లోపల ‘ఎక్స్86_64-లినక్స్-జీఎన్‌యూ’ అని ఇంకో ఫోల్డర్ చేసి దాంట్లో పెడుతుంది. .పీసీ ఫైల్ కూడా అక్కడికే పోతుంది. నేను చూపించిన దారి ఒకటి, ఫైల్ పడ్డ చోటు ఇంకొకటి. మీసాన్ సెటప్ చేసేటప్పుడు ‘--లిబ్‌డిర్’ ఆప్షన్‌తో బిల్డ్ ఫోల్డర్‌లోని లిబ్‌నే ఇవ్వగానే రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫెడోరా వాడేవాళ్లకు ఇదే గొడవ లిబ్64 అనే ఫోల్డర్ రూపంలో వస్తుంటుంది.

కాబట్టి ఏదైనా మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు ‘ఫైండ్’ కమాండ్‌తో ఆ .పీసీ ఫైల్ డిస్క్ మీద ఎక్కడైనా ఉందా అని వెతకండి. ఉంటే దారి సమస్య. అసలు లేకపోతే ఇన్‌స్టాల్ సమస్య. తర్వాత ‘పీకేజీ-కాన్ఫిగ్ --మోడ్‌వెర్షన్ ఎక్స్264’ అని అడిగి చూడండి. వెర్షన్ నంబర్ చెప్పిందంటే టూల్‌కి ఫైల్ కనపడుతున్నట్టే.

ఇక్కడ ఇంకో రెండు చిన్న ఉచ్చులు ఉన్నాయి. వేరియబుల్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తే అది ఆ టెర్మినల్ విండో వరకే. కొత్త విండో తెరిస్తే ఉండదు. సుడో పెట్టి రన్ చేసినా మామూలుగా అది మాయమైపోతుంది. అసలు హోమ్ ఫోల్డర్‌లో బిల్డ్ చేసేవాళ్లకు కాన్ఫిగర్ దగ్గర సుడోతో పనే లేదు. రెండోది, పైథాన్ కోర్సు కోసం అనకొండ వేసుకున్నవాళ్లకు. ‘విచ్ పీకేజీ-కాన్ఫిగ్’ కొట్టి చూడండి. జవాబులో అనకొండ ఫోల్డర్ కనపడితే మీరు వాడుతున్నది సిస్టమ్ టూల్ కాదు, అది తన సొంత ఫోల్డర్లలోనే వెతుకుతుంది. ‘కొండా డీయాక్టివేట్’ చేసి మళ్లీ ప్రయత్నించండి.

అసలు ఇన్‌స్టాలే అవ్వలేదు

.పీసీ ఫైల్ ఎక్కడా లేదంటే ఎక్కువసార్లు కారణం సింపుల్. ఆప్ట్‌తో వేసుకున్నది రన్ చేయడానికి పనికొచ్చే ప్యాకేజీ, కంపైల్ చేయడానికి కావాల్సింది కాదు. హెడర్ ఫైల్స్, .పీసీ ఫైల్ ఉండేది పేరు చివర ‘-డెవ్’ అని ఉన్న దాంట్లో: లిబ్ఎక్స్264-డెవ్, లిబ్ఎక్స్265-డెవ్ ఇలా. ఫెడోరాలో ‘-డెవెల్’ అంటారు.

ఎక్స్264ని సోర్స్ నుంచి కట్టేవాళ్లకు ఒక ప్రత్యేకమైన తిప్పలు ఉంది. దాని కాన్ఫిగర్‌కి ‘--ఎనేబుల్-స్టాటిక్’ గానీ ‘--ఎనేబుల్-షేర్డ్’ గానీ ఇవ్వకపోతే కమాండ్ లైన్ ప్రోగ్రామ్ మాత్రమే తయారవుతుంది, లైబ్రరీ ఇన్‌స్టాల్ అవ్వదు. మేక్ ఇన్‌స్టాల్ ఏ ఎర్రరూ లేకుండా ముగుస్తుంది. ఎక్స్264 అని టైప్ చేస్తే పనిచేస్తుంది కూడా. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మాత్రం దొరకలేదంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే!

ఇక లేమ్ ఎంపీ3 లైబ్రరీ విషయంలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ పీకేజీ-కాన్ఫిగ్‌ని అడగదు, నేరుగా కంపైల్ చేసి చూస్తుంది. దాన్ని హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుంటే పీకేజీ_కాన్ఫిగ్_పాత్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. ‘--ఎక్స్‌ట్రా-సీఫ్లాగ్స్’లో ఇంక్లూడ్ ఫోల్డర్, ‘--ఎక్స్‌ట్రా-ఎల్‌డీఫ్లాగ్స్’లో లిబ్ ఫోల్డర్ ఇవ్వాల్సిందే.

ఫైల్ దొరికింది, లింక్ అవ్వలేదు

లాగ్ చివర్లో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వరసగా కనపడితే మీరు మూడో మెట్టు మీద ఉన్నట్టు. ఇది ఎక్కువగా ఎక్స్265 దగ్గర వస్తుంది. ఎక్స్265 రాసింది సీ++లో, ఎఫ్ఎఫ్ఎంపెగ్ సీ లో. స్టాటిక్‌గా కట్టిన ఎక్స్265కి దానితోపాటు సీ++ స్టాండర్డ్ లైబ్రరీ, థ్రెడ్స్, కొన్ని సిస్టమ్స్‌లో న్యూమా లైబ్రరీ కూడా కావాలి. వీటి పేర్లు .పీసీ ఫైల్‌లో ‘ప్రైవేట్’ లైబ్రరీల లైన్‌లో ఉంటాయి. మామూలుగా అడిగితే పీకేజీ-కాన్ఫిగ్ ఆ లైన్ చెప్పదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ కాన్ఫిగర్‌కి ‘--పీకేజీ-కాన్ఫిగ్-ఫ్లాగ్స్=--స్టాటిక్’ ఇస్తే చెబుతుంది. దాంతోపాటు ‘--ఎక్స్‌ట్రా-లిబ్స్’లో ‘-ఎల్‌పీథ్రెడ్ -ఎల్ఎమ్’ ఇవ్వండి. లాగ్‌లో న్యూమా పేరు కనపడితే లిబ్‌న్యూమా-డెవ్ వేసుకోండి.

ఎక్స్264లో ఇంకో రకం ఉంది, ఇది నాకు భలే నచ్చింది. దాని హెడర్ ఫైల్ ఎన్‌కోడర్‌ని తెరిచే ఫంక్షన్ పేరు చివర బిల్డ్ నంబర్ తగిలిస్తుంది. ఎక్స్264_ఎన్‌కోడర్_ఓపెన్_164, ఇలా. అందుకని సోర్స్ నుంచి వచ్చిన హెడర్ 164ది, లింకర్‌కి దొరికిన సిస్టమ్ లైబ్రరీ 163ది అయితే ఆ పేరుతో ఫంక్షనే లేదని ఆగిపోతుంది. నంబర్ లేకపోతే రెండూ అతుక్కుని, వీడియో మధ్యలో ఎక్కడో క్రాష్ అయ్యేది. ఎర్రర్‌లో పేరు చివర నంబర్ చూశారంటే రెండు ఎక్స్264లు మీ సిస్టమ్‌లో కొట్టుకుంటున్నాయన్నమాట. ఒకదాన్ని తీసేయండి. సిస్టమ్‌లోని -డెవ్ ప్యాకేజీని తీయడం తేలిక.

కాన్ఫిగర్ పాసై మేక్‌లో పేలితే అది వేరే కథ. ఎస్‌వీటీ-ఏవీ1 మంచి ఉదాహరణ. దాని 3.0 వెర్షన్‌లో ఎన్‌కోడర్‌ని మొదలుపెట్టే ఫంక్షన్ నుంచి ఒక ఆర్గ్యుమెంట్ తీసేశారు. పాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ సోర్స్ దాన్ని పాత పద్ధతిలోనే పిలుస్తుంది, కంపైలర్ ఒప్పుకోదు. లైబ్రరీ దొరికింది, కానీ మరీ కొత్తది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని కొత్త రిలీజ్‌కి మార్చండి, లేదా ఎస్‌వీటీ-ఏవీ1ని పాత ట్యాగ్‌కి దించండి. అన్నీ లేటెస్ట్ గిట్ నుంచి లాగితే సేఫ్ అనుకోవడం పొరపాటు.

డిపెండెన్సీ కాని డిపెండెన్సీ ఎర్రర్లు

‘లిబ్ఎక్స్264 ఈజ్ జీపీఎల్’ అని ఆగితే ఏ లైబ్రరీ తక్కువ కాలేదు, ‘--ఎనేబుల్-జీపీఎల్’ ఇవ్వలేదంతే. దాంతోపాటు ఎఫ్‌డీకే-ఏఏసీ కూడా కావాలంటే ‘--ఎనేబుల్-నాన్‌ఫ్రీ’ అడుగుతుంది. ఇవ్వచ్చు, మీ ల్యాప్‌టాప్‌లో వాడుకోవచ్చు. కానీ అలా కట్టిన బైనరీని ఫ్రెండ్స్‌కి పంచడానికి లైసెన్స్ ఒప్పుకోదు.

నాస్మ్ లేదని ఆగినప్పుడు స్క్రీన్ మీదే ఒక సలహా కూడా వస్తుంది: ‘--డిసేబుల్-ఎక్స్86ఏఎస్ఎమ్’ వాడండి, కానీ అది కుంటి బిల్డ్ అవుతుందని. దయచేసి ఆ దారిలో వెళ్లొద్దు. వీడియో పనుల్లో స్పీడ్ అంతా ఆ అసెంబ్లీ కోడ్‌లోనే ఉంది. నాస్మ్ ప్యాకేజీ చిన్నది, వేసేసుకోండి.

కట్టడం అయ్యాక

బిల్డ్ పూర్తయింది, రన్ చేస్తే ‘లిబ్ఎక్స్264.ఎస్ఓ.164 తెరవలేకపోతున్నా’ అంటే, కంపైల్ టైమ్‌లో చెప్పిన దారి రన్ టైమ్‌లో ఎవరూ గుర్తుపెట్టుకోలేదన్నమాట. ‘ఎల్‌డీడీ’ కమాండ్‌కి మీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫైల్ ఇస్తే ఏ లైబ్రరీ దొరకట్లేదో లిస్ట్ ఇస్తుంది. యూఎస్ఆర్/లోకల్‌లో పెట్టి ఉంటే ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’ ఒక్కటి చాలు. హోమ్ ఫోల్డర్‌లో అయితే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (పెద్దక్షరాలు) పెట్టుకోవాలి. ఈ గోల వద్దనుకునేవాళ్లు మొదటే లైబ్రరీలను స్టాటిక్‌గా కట్టుకుంటారు. నేనూ ఇప్పుడు అదే చేస్తున్నా.

ఇంత కష్టపడ్డాక కూడా ఆ రాత్రి నాకు వీమాఫ్ ఫిల్టర్ కనపడలేదు. గుండె జారిపోయింది. తీరా చూస్తే టెర్మినల్ ఇంకా పాత ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నే రన్ చేస్తోంది! ‘హ్యాష్ -ఆర్’ కొట్టి, పాత్‌లో నా ఫోల్డర్‌ని ముందుకు తెచ్చాక ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఫిల్టర్స్’ లిస్ట్‌లో లిబ్‌వీమాఫ్ వచ్చింది. అప్పటికి 2:40. స్కోర్లు తీయడానికి పెట్టి పడుకున్నా, 9కి ఆర్టికల్ వెళ్లింది.

ఒక పని మాత్రం అప్పుడే చేసుంచాను. ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్ -వెర్షన్’ కొడితే ‘కాన్ఫిగరేషన్’ అని మొదలయ్యే లైన్‌లో మీరిచ్చిన ఆప్షన్లన్నీ ఉంటాయి. దాన్ని, ప్రతి లైబ్రరీ వెర్షన్ నంబర్‌నీ కలిపి ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచుకోండి. ఉబుంటు అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు దాంతో పని పడుతుంది.