గాలపు కర్రను ఎన్నుకొనుట, అమర్చుకొనుట



ఉగాది మరునాటి పిడకల సమరానికి పేరుపొందిన కైరుప్పల చుట్టుపట్ల మెట్ట సేద్యమే ఎక్కువ. అయినను ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు చేపల నీరు కొత్త కాదు. ఉత్తరాన తుంగభద్ర నది గలదు. తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతం మీదుగానే సాగును. గోనెగండ్ల వద్ద గాజులదిన్నె జలాశయం గలదు. వానలు బాగుగా కురిసిన ఏట ఊరి చెరువులు కూడ నిండును. పొలం పని తీరిన దినాలలో గాలం వేయగోరువారికి ఈ నాలుగు మాటలు.

సముద్రపు తేటనీటిలో మునిగి, రబ్బరు పట్టీలు బిగించిన కొయ్య తుపాకితో చేపను గురిచూసి కొట్టు పద్ధతి ఇతర దేశాలలో గలదు. మన్ను కలిసిన చెరువు నీటిలో చేప కంటికి కనబడదు. కావున మనకు వెదురు కర్ర గాలమే తగినది. ఏ పనిముట్టు వాడినను నియమం ఒక్కటే: తగిలిన చేప తప్పక గట్టుకు రావలెను. దారం తెగి పోయిన చేప ఎవరికిని దక్కదు. అది ముల్లు నోటనుంచుకొని, దారం ఈడ్చుకొనుచు, తుంగలో చిక్కుకొని చచ్చుట కూడ గలదు.

వెదురు ఎన్నిక: లోపల బోలు తక్కువగానుండు సాధన వెదురు మేలు. మేదరుల వద్ద కొనునపుడు మూడేండ్లు నిండిన బొంగు అడగవలెను. లేత బొంగు ఎండిన కొలది ముడుతలుపడి వంగిపోవును. పొడవు 10 నుండి 12 అడుగులు చాలును. మొదలు పిడికిట ఇమిడి, కొన చిటికెనవ్రేలికన్న సన్నగా ఉండవలెను. కణుపులు దగ్గరగా ఉన్న కర్ర బలమైనది. చీలికలు, పుప్పి రంధ్రాలు గల కర్రను విడిచిపెట్టుడు.

పదును చేయుట: వెదురులోని పిండి పదార్థం కొరకే పుప్పి పురుగు చేరును. పచ్చి కర్రను రెండు మూడు వారాలు నీట నానవేసినచో ఆ పదార్థం చాలవరకు కరిగిపోవును. తరువాత నీడన నిలువుగా ఆరవేయవలెను. ఎండలో పడవేసిన కర్ర చీలును. వంకరలు తీయుటకు పిడకల నిప్పు శ్రేష్ఠం. అది మంటలెగయక నిదానంగా కాగును. వంకర చోట నూనె రాచి, కర్రను త్రిప్పుచు వేడిచేసి, సరిచేసి, చల్లారువరకు అట్లే పట్టి ఉంచుడు.

దారం కట్టుట: చాలమంది దారాన్ని కర్ర కొనకు మాత్రమే ముడివేయుదురు. ఇది పొరపాటు. కొన విరిగినచో చేపయు, గాలమును పోవును. దారాన్ని మొదట కర్ర నడుమ ఒక కణుపుపైన బిగించి, అచటినుండి కర్ర వెంబడి రెండు మూడు చోట్ల కట్టుచు కొనకు తీసికొనిపోవలెను. అపుడు కొన విరిగినను దారం చేతిలోనే ఉండును. కొననుండి వ్రేలాడు దారం కర్ర పొడవునకు మించరాదు.

గాలం కంటిలో నైలాను దారం దూర్చి, దానిచుట్టు దానినే ఐదు చుట్లు త్రిప్పి, కంటి దగ్గరి సందులో కొన దూర్చి లాగుడు. బిగించుటకు ముందు ముడిని తడపవలెను. పొడిగా లాగినచో రాపిడి వేడికి నైలాను బలం తగ్గును. ముడిని చేతితో గట్టిగా లాగి చూడనిదే నీట వేయవద్దు.

బెండు, గుండు, ముల్లు: ఎండిన జొన్నదంటు లోపలి బెండు చక్కగా తేలును. నీరు పీల్చకుండ దానికి మైనం పూయవలెను. బెండు నిలువుగా నిలిచి, కొన మాత్రమే పైకి కనబడునంతటి సీసపు గుండు చాలును. ముల్లును బొటనవ్రేలి గోటిపై మెల్లగా ఆనించుడు. జారినచో మొద్దుబారినదని తెలిసి ఆకురాయితో నూరుకొనుడు. ఎరకు వానపాములు చాలును. పైరుపురుగులను తిను కప్పలను చంపవద్దు.

విడువవలసిన కాలం: కొరమేను వానకాలంలో పిల్లలు చేయును. ఎరుపుచాయగల పిల్లల గుంపు నీటిపై కదలుచున్నచో తల్లిదండ్రులు దాని క్రిందనే కావలియుండును. దగ్గరకు వచ్చిన దేనినైనను తరుముటచేత ఆ సమయాన అవి సులభంగా చిక్కును. కాని కాపు చేప పోయినచో పిల్లలు ఇతర చేపల పాలగును. ఒక పూట కూర కొరకు మరుసటి ఏటి చేపలను పోగొట్టుకొనవద్దు.

జాగ్రత్తలు: చెరువును మత్స్యకారుల సంఘం పాడుకొనియున్నచో వారి అనుమతి పొందవలెను. మందుగుండు, విషం వాడుటను 1897 నాటి భారత మత్స్య చట్టం నిషేధించినది. మోటారు తీగలను నీట వేయువారు తమ ప్రాణాలనే పోగొట్టుకొందురు. విద్యుత్తు తీగల క్రింద కర్ర ఎత్తరాదు. తడిసిన వెదురు గుండా విద్యుత్తు ప్రవహించును. నీరు పారుచున్న కాలువ వాలు గట్టుపై దిగరాదు. జారినచో పట్టు దొరకదు.

కర్రను వాడిన పిదప తుడిచి, నీడన వ్రేలాడదీయుడు. గాలం వేయుటకు బయలుదేరిన ప్రతిమారు ముడులు పరీక్షించుడు. చేప తగిలిన తరువాత ముడిని తలచుకొని లాభం లేదు.