శరత్తులో సరమ

ఉద్దేశం

మనిషిని నమ్ముకొని బ్రతికే మూగజీవుల పట్ల గృహస్థులకు గల బాధ్యతను తెలియజేయడం, దయకు శాస్త్రజ్ఞానం తోడైనప్పుడే అది సార్థకమవుతుందని గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. వానలు వెనుకబట్టి, ఆకాశం తేటపడి, ఏటి ఒడ్డున రెల్లుపూలు తెల్లగా విరబూసే కాలమిది. ఆదికవి నన్నయ తన భారత రచనలో చివరగా వర్ణించినది ఈ శరద్రాత్రులనే అని సాహిత్య సంప్రదాయం చెబుతుంది. ఆయన భారతాన్ని తెనిగించిన రాజమహేంద్రవరంలో నేటికీ శరత్తు తన రాకను ముందుగా గోదావరికే తెలుపుతుంది. వరదనీటి ఎర్రదనం క్రమంగా తగ్గి నది నిలకడగా పారుతుంది. తెల్లవారేసరికి ముంగిళ్లలో పారిజాతాలు రాలి ఉంటాయి.

ఆ నగరంలోని ఒక పాత వీధిలో విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు నివసిస్తున్నారు. ఆయన తెలుగు పండితుడు. ఆమె జీవశాస్త్రం బోధించింది. పిల్లలు ఉద్యోగాల నిమిత్తం దూరదేశాలకు వెళ్లిపోగా, ఇంట్లో వారిద్దరికీ తోడుగా మిగిలింది మోతీ అనే ముసలి కుక్క. వేకువనే ఇల్లాలు వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తుంటే మోతీ గడపకు ఇవతలే కూర్చుంటుంది. ముగ్గు తొక్కకూడదని దానికి ఎవరూ నేర్పలేదు. ఆయన పూలు ఏరుకొని వచ్చిన పిదప దానిని అరుగు మీద పడుకోబెట్టి చెవుల వెనుక, వ్రేళ్ల సందులలో వెదకి పిడుదులను తీసివేస్తాడు. తడి, వెచ్చదనం కలిసి ఉండే ఈ రోజులలో పిడుదులు ఎక్కువగా పడతాయి. అవి రక్తం పీల్చడమే గాక ప్రమాదకరమైన జ్వరాలను కూడా అంటిస్తాయి. మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం గోదావరి గట్టు మీద నడక, ఇదీ మోతీ దినచర్య. దంపతుల దినచర్య కూడా దాదాపు అదే.

ఒక విజయదశమి నాటి సాయంకాలం ఆయన గట్టు నుండి తిరిగివస్తూ, కాలువ ప్రక్కన ఒంటరిగా వణుకుతున్న ఒక కుక్కపిల్లను కండువాలో చుట్టి ఇంటికి తెచ్చాడు. ఇల్లాలి ముఖంలో సంతోషం కనబడలేదు.

“ఏమండీ, కుక్క ఆయుర్దాయం పన్నెండు, పదమూడు ఏళ్లు. మీకు డెబ్బై నిండుతున్నాయి. మన తరువాత దీనిని ఎవరు చూస్తారు?” అని ఆమె అడిగింది.

ఆయన వద్ద సమాధానం లేదు. “ఈ రాత్రికి ఉండనీ. రేపు ఆలోచిద్దాం” అన్నాడు. దానికి సరమ అని పేరు మాత్రం ఆ రాత్రే పెట్టాడు.

ఆ పేరు భారతంలోనిది. జనమేజయుని తమ్ముళ్లు యజ్ఞభూమి వద్ద ఆడుకొంటున్న సారమేయుని నిష్కారణంగా కొట్టారు. దాని తల్లి, దేవతల కుక్క అయిన సరమ రాజసభకు వెళ్లి, మంచిచెడులు తలపక దీనులకు కీడు చేసేవారికి అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించింది. నన్నయ ఈ కథను ఆదిపర్వంలో తెనిగించాడు. భారతం ముగింపులో, మహాప్రస్థానంలో, పాండవుల వెంట ఒక కుక్క నడిచింది. తమ్ములు, ద్రౌపది దారిలో ఒక్కొక్కరుగా పడిపోయారు. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను విడిచి రమ్మన్నప్పుడు, నమ్మి వచ్చిన దానిని విడిచి తనకు స్వర్గం అక్కరలేదన్నాడు ధర్మరాజు. ఆ కుక్క ధర్మదేవతయే అని తరువాత తెలిసింది. విరాటపర్వం మొదలు పదునైదు పర్వాలను తెనిగించిన తిక్కన ఆ ఘట్టాన్ని తెలుగువారికి అందించాడు. ఈ విధంగా ఒక కుక్కకు జరిగిన అన్యాయం భారతం ప్రారంభంలోను, ఒక కుక్కకు లభించిన ఆశ్రయం దాని ముగింపులోను నిలిచాయి.

మూడవ నాడు ఒక అపశ్రుతి జరిగింది. పిల్ల తింటూ ఉండగా ఇల్లాలు గిన్నెను ప్రక్కకు జరపబోయింది. అది బెదరి ఆమె వ్రేలిని కొరికింది. నెత్తురు చిమ్మింది. కేక విని పొరుగింటి గృహస్థుడు, ఇంటర్మీడియట్ చదువుతున్న ఆయన కుమార్తె పరుగున వచ్చారు. “గాయానికి కారం అద్దండి, విషం విరిగిపోతుంది” అన్నాడు ఆయన. ఆమె తల అడ్డంగా ఊపి, కుళాయి క్రింద చేయి పెట్టి సబ్బుతో కడగసాగింది. ఒక నిమిషం కాదు, రెండు నిమిషాలు కాదు, గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు కడిగింది. పొరుగింటి అమ్మాయి ప్రక్కనే నిలిచి నీళ్లు పోసింది.

“కారం వలన గాయం మరింత రేగుతుందమ్మా. రేబిస్ వైరస్ నరాల వెంట మెదడు వైపు పయనిస్తుంది. అది నరాలను చేరకముందే గాయం వద్దనే కడిగివేయాలి. ఆ వెంటనే టీకా వేయించుకోవాలి. జబ్బు లక్షణాలు బయటపడిన తరువాత బ్రతకడం దాదాపు అసాధ్యం” అని ఆమె నొప్పిని ఓర్చుకొంటూనే అమ్మాయికి వివరించింది. కొంగున మొహం తుడుచుకొని, భర్తను వెంటబెట్టుకొని ప్రభుత్వాసుపత్రికి వెళ్లింది. వైద్యులు గాయం చుట్టూ సీరం ఎక్కించి, టీకా మొదటి మోతాదు ఇచ్చి, మిగిలిన మోతాదులకు రావలసిన తేదీలను చీటీపై వ్రాసి ఇచ్చారు.

లూయీ పాశ్చర్ 1885 జులై 6న, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలునికి తొలిసారి ఈ టీకా ఇచ్చి ప్రాణం కాపాడాడు. ఆయన మరణించిన సెప్టెంబరు 28వ తేదీని ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు. అది కూడా శరత్తు ముంగిటనే వస్తుంది. శతాబ్దం దాటినా, మందు చేతికి అందుతున్నా, కారం, సున్నం, పసరు వంటి చిట్కాలను నమ్మి కాలం వృథా చేసేవారు నేటికీ ఉన్నారు.

కుక్కపిల్లను తిరిగి కాలువ ఒడ్డున వదలిరావాలని పొరుగువారు సలహా ఇచ్చారు. మొదట దానిని వద్దన్న ఇల్లాలే ఇప్పుడు ఆ సలహాను అంగీకరించలేదు. “ఆకలిగా ఉన్నదాని ముందు గిన్నె జరపడం నా పొరపాటు. పైగా దీనిని పది రోజులు కళ్లెదుట ఉంచుకొని చూడాలి. వదలివేస్తే దాని గతి తెలియదు, వీధిలోని వారికీ ప్రమాదమే” అన్నది. కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ వైరస్ లేదని భావిస్తారు. అయితే ఆ గడువు కొరకు వేచి ఉండి టీకాను వాయిదా వేయరాదు.

ఆ పది రోజులు ఇంటికి పరీక్షా కాలమైంది. పెరటి గదిలో ఉంచిన సరమ ఉదయం నీళ్లు త్రాగితే ఆయన ఊపిరి పీల్చుకొనేవాడు. అది ఒక పూట మందకొడిగా పడుకొంటే ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టేది కాదు. తాను చేసిన దయ భార్య ప్రాణం మీదకు వచ్చిందేమోనన్న శంక ఆయనను లోలోపల తొలిచివేసింది. ఆ మాట పైకి అనలేక, ప్రతి మోతాదు నాడు ఆమె కంటె ముందే తయారై గుమ్మంలో నిలిచేవాడు. ఆమె గ్రహించింది. ఒకనాడు ఆసుపత్రి నుండి వస్తూ, “మీరు దానిని తెచ్చినందుకు నాకు కోపం లేదు. టీకాలు వేయించకుండా పిల్లను ఒడిలో పెట్టుకొన్నందుకు ఇద్దరమూ తప్పు చేశాం” అన్నది. పదకొండవ నాడు సరమ పెరటి గది తలుపు తెరవగానే దూకుతూ వచ్చి మోతీ తోకను పట్టుకొన్నది. మూడు నెలల వయస్సు రాగానే దానికి వేయించవలసిన టీకా తేదీని ఇల్లాలు గోడ మీది పంచాంగంలో గుర్తుపెట్టింది.

దీపావళి వచ్చింది. మనిషి చెవికి సుమారు ఇరవై వేల హెర్ట్జ్‌ల వరకు ధ్వనులు వినబడతాయి. కుక్క చెవికి దాదాపు నలభై ఐదు వేల హెర్ట్జ్‌ల వరకు వినబడతాయి. అందుచేత మనకు వేడుక అయిన టపాకాయల మ్రోత వాటికి ప్రాణభయమవుతుంది. గొలుసులు తెంచుకొని పారిపోయే కుక్కలు ఆ రాత్రి ఎన్నో. 2018లో సుప్రీంకోర్టు దీపావళి నాడు రాత్రి ఎనిమిది నుండి పది గంటల వరకే బాణసంచా కాల్చాలని ఆదేశించింది. సరిగ్గా ఈ పండుగ రోజులలోనే నేపాల్‌లో ఒక దినాన్ని కుక్కలకు కేటాయించి, వాటి మెడలో బంతిపూల దండలు వేసి, నుదుట బొట్టు పెడతారు.

దంపతులు పొద్దుగుంకకముందే కుక్కలను నడిపించి తెచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, పాత దుప్పటి పరిచారు. ఇల్లాలు వాకిట దీపాలు వెలిగించి లోనికి వచ్చి వాటి ప్రక్కన కూర్చున్నది. మొదటి టపాకాయకే మోతీ వణకసాగింది. ఆయన దాని వీపుపై చేయి ఉంచి, బడిలో వలె మెల్లగా భారత కథ చెప్పసాగాడు. కథ దానికి తెలియదు, గొంతు తెలుసు. సరమ మోతీ పొట్టలో తల దూర్చి నిద్రపోయింది.

కార్తికంలో పొరుగింటి అమ్మాయి ప్రతి సాయంత్రం రావడం మొదలుపెట్టింది. ఒకనాడు ఇల్లాలు ఆమెకు చిత్త కార్తెను గురించి చెప్పింది. అక్టోబరులో వచ్చే ఆ కార్తెను జనం తిట్టుగా వాడతారు. నిజానికి వీధికుక్కలు ఎక్కువగా ఆ రోజులలోనే జతకడతాయి. రెండు నెలలకు, చలి ముదిరిన వేళ పిల్లలు పుడతాయి. వాటిలో చాలా వరకు పెరిగి పెద్దవి కావు. అందుకే 2001లోను, వాటి స్థానంలో 2023లోను వచ్చిన నిబంధనలు కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా చేయించాలని చెబుతున్నాయి. సరమకు కూడా తగిన వయస్సులో ఆ చికిత్స చేయించాలని దంపతులు నిశ్చయించారు.

అన్నీ విని ఆ అమ్మాయి, “మామ్మగారూ, మీకు ఎప్పుడైనా ఓపిక లేకపోతే సరమను మా ఇంట్లో ఉంచుకొంటాను. నాన్నగారిని అడిగాను, సరే అన్నారు” అన్నది.

విజయదశమి నాడు ఇల్లాలు వేసిన ప్రశ్నకు అదే సమాధానం. ఆమె మాట్లాడకుండా మేకుకు వ్రేలాడుతున్న మెడపట్టీని తీసి అమ్మాయి చేతికిచ్చింది. నలుగురూ గట్టు వైపు నడిచారు. ముసలి మోతీ అరుగు మీదనే ఉండి, వారు మలుపు తిరిగే వరకు చూసి, గడపకు ఇవతల, ముగ్గు తొక్కకుండా పడుకొన్నది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. దయకు శాస్త్రజ్ఞానం తోడు కావలసిన అవసరాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. భారతంలోని రెండు శునక వృత్తాంతాలను పోల్చి, వాటి అంతరార్థాన్ని వ్రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కుక్క కరిచిన వెంటనే ఏమి చేయాలి? ఏమి చేయకూడదు?
2. దీపావళి రాత్రి దంపతులు తీసుకొన్న జాగ్రత్తలు ఏవి?
3. విజయదశమి నాడు ఇల్లాలు వేసిన ప్రశ్న ఏది? దానికి సమాధానం ఎట్లా లభించింది?