మతిమరుపు మందుల ప్రయోగాలు: సంతకానికి ముందు

గత ఏడాది మా వీధిలోని ఒక పెద్దావిడ కాగితాల కట్ట ఒకటి పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆమె భర్త కోలారు బంగారు గనుల్లో పనిచేసి విరమించి, పిల్లల వెంట బెంగళూరు చేరినవారు. రెండేళ్లుగా ఆయనకు మతిమరుపు ముదురుతున్నది. రోజూ నడిచే దారిలోనే తప్పిపోతున్నారు. ఆసుపత్రిలో కొత్త మందు వచ్చిందని, ఉచితంగా ఇస్తారని, ఈ కాగితాల మీద సంతకం చేస్తే చాలునని ఆవిడ అర్థం చేసుకున్నారు. కాగితాలు ఇంగ్లీషులోను, కన్నడంలోను ఉన్నాయి. ఆవిడ కన్నడం ధారాళంగా మాట్లాడతారు గాని చదవగలిగేది తెలుగే.

"ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు నాయనా" అన్నారు.

మూడో పేజీలోనే ఉన్నది అసలు సంగతి. ఇది పరిశోధన, మీవారికి ఇచ్చేది కొత్త మందు కావచ్చు, కాకపోనూవచ్చు. చదివి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

క్లినికల్ ట్రయల్‌ను తెలుగు చేయడం అనువాదకులకు చిక్కు. 'పరీక్ష' అంటే రక్తపరీక్ష అనుకుంటారు. 'చికిత్స' అంటే అబద్ధమవుతుంది. 'ప్రయోగం' అంటే మన పల్లెల్లో చేతబడి గుర్తుకు వస్తుంది. అయినా నేను 'ఔషధ ప్రయోగం' అనే వాడుతున్నాను. కాస్త భయపెట్టినా మోసగించదు. వైద్యుడు చికిత్స చేసేటప్పుడు ఎదుట కూర్చున్న రోగి మేలు ఒక్కటే చూస్తాడు. ప్రయోగంలో ఒక ప్రశ్నకు జవాబు వెదుకుతారు. ఆ జవాబు వలన రేపటి రోగులకు మేలు కలగవచ్చు. నేడు చేరినవారికి కలుగుతుందన్న హామీ లేదు. చాలా ప్రయోగాలలో చేరినవారిని చీట్లు తీసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు మందు, రెండో గుంపుకు మందులాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది అందిందో రోగికీ, వైద్యునికీ చివరిదాకా తెలియదు. ఇది మోసం కాదు, మందు నిజంగా పనిచేస్తున్నదో లేదో తేల్చే పద్ధతి. కాని ఆ సంగతి ముందే చెప్పకపోతే మాత్రం మోసమే.

ఆశ ఎంత పెట్టుకోవాలో ఒక ఉదాహరణతో చెప్పవచ్చు. లెకానెమాబ్ అనే మందును అల్జీమర్స్ తొలిదశలో ఉన్న 1,795 మందిపై 18 నెలలు పరీక్షించి, 2022లో ఫలితాలు ప్రకటించారు. మందు అందినవారిలోనూ జబ్బు ముదిరింది. కాకపోతే ఉత్తుత్తి మందు అందినవారికంటే 27 శాతం నెమ్మదిగా ముదిరింది. పద్దెనిమిది పాయింట్ల కొలమానంలో ఆ తేడా అర పాయింటుకు లోపే. మందు తీసుకున్నవారిలో సుమారు ఎనిమిదిమందికి ఒకరి మెదడులో వాపు స్కానులో కనిపించింది. గెలిచిన మందు కథ ఇది. మధ్యలో విఫలమై ఆగిపోయిన మందులు అనేకం.

ఇక సంతకం విషయం. మన దేశంలో ఔషధ ప్రయోగాలకు 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం పరిశోధకుడు సమాచారాన్ని నోటిమాటగాను, పత్రరూపంలోను, సాంకేతిక పదాల బరువు లేకుండా, చేరే వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అర్థమయ్యే భాష అన్నారు గాని రాష్ట్రభాష అనలేదు. కర్ణాటకలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా, తెలుగే చదవగలవారు తెలుగు ప్రతి అడగవచ్చు. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. అసలు చదవలేనివారైతే, వివరించే సమయమంతా ఒక నిష్పాక్షిక సాక్షి దగ్గర ఉండి, తానూ సంతకం చేయాలి. సంతకమైన పత్రం ప్రతిని మీ చేతికి ఇవ్వాలి.

మతిమరుపు జబ్బులో మరో చిక్కు ఉన్నది. ఈ ఉదయం విని తల ఊపిన మనిషికి సాయంత్రానికి అది గుర్తుండకపోవచ్చు. స్వయంగా సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉంటే చట్టబద్ధమైన ప్రతినిధి, సాధారణంగా భార్యో, భర్తో, పిల్లలో, ఇవ్వవచ్చు. అలాంటివారిపై సరికొత్త రసాయన ఔషధాన్ని ప్రయోగించేటప్పుడు సమ్మతి తీసుకునే తీరును దృశ్య, శ్రవణ రూపంలో రికార్డు చేయాలన్నది నిబంధన. కెమెరా చూసి కంగారు పడనక్కరలేదు. అది మీ రక్షణకే. ప్రతినిధి సంతకం చేసినంతమాత్రాన రోగి మాట చెల్లకుండా పోదు. సూది దగ్గరకు తెస్తే చెయ్యి వెనక్కు లాక్కునే మనిషి తనకు ఇష్టం లేదనే చెబుతున్నాడు.

ఒకరి బదులు మరొకరు సంతకం చేస్తే ఏమవుతుందో తెలుగునాట చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిగింది. 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. అనేక సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసిన సంగతిని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. ఆ జబ్బు వేరు, ఆ వయసు వేరు. సంతకం విలువ మాత్రం ఒకటే.

భాష సమ్మతితో ఆగిపోదు. జ్ఞాపకశక్తిని కొలిచే ప్రశ్నలు ఏ భాషలో అడిగారన్నది కూడా ముఖ్యమే. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషిని కన్నడంలోనో, ఇంగ్లీషులోనో పేర్లు చెప్పమంటే తడబడవచ్చు. అది జబ్బు తడబాటో, భాష తడబాటో తెలియదు. తెలుగులో ఇటువంటి ప్రశ్నావళులు తయారై ఉన్నాయి, అడగండి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష తెలిసినవారికంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా ఉన్నది. ఇంట్లో ఒక భాష, బజారులో మరొకటి మాట్లాడుతూ బతికే మనవంటివారికి ఇది కాస్త ఊరట.

నిమ్స్ అధ్యయనంలో కొత్త మందేదీ పరీక్షించలేదు. ఇటువంటివాటిలో పాల్గొనడం వేరే సంగతి. తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం నలభై అయిదేళ్లు దాటిన గ్రామీణులను ఏళ్ల తరబడి పరిశీలిస్తున్నది. అక్కడ చూసేది వయసుతోపాటు మెదడు ఎలా మారుతుందన్నదే. మందు ప్రయోగానికి వెనుకాడేవారు ఇలాంటివాటి గురించి ఆలోచించవచ్చు.

చేరదలచుకుంటే అడగవలసినవి ఇంకొన్ని. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఈ ప్రయోగం నమోదు సంఖ్య ఎంత? ఏ ఎథిక్స్ కమిటీ అనుమతించింది? ఇప్పుడు వాడుతున్న డోనెపెజిల్ వంటి మాత్రలు కొనసాగించవచ్చునా? ఎన్నిసార్లు రావాలి, బండి ఖర్చు ఎవరిది? మతిమరుపు ప్రయోగాలలో సాధారణంగా రోగితోపాటు ఒక తోడు మనిషి ప్రతిసారీ వచ్చి, ఇంట్లో మార్పులను చెప్పవలసి ఉంటుంది. సంక్రాంతికి ఊరు వెళ్లి రెండు నెలలు ఉండిపోయే అలవాటున్నవారు ఇది ముందే ఆలోచించుకోవాలి. పత్రంలో నామినీ పేరు అడిగితే ఉలికిపడతారు. ప్రయోగం వలన ప్రాణహాని జరిగితే పరిహారం వారికి అందాలి గనుక అడుగుతారు. హాని జరిగితే ఉచిత వైద్యం ఇవ్వవలసిన బాధ్యత కూడా నిర్వాహకులదే. కారణం చెప్పకుండా ఎప్పుడైనా మానుకోవచ్చు. దానివలన మామూలు చికిత్స ఆగకూడదు.

ఆ పెద్దావిడ తెలుగు ప్రతి అడిగారు. మూడు వారాలకు వచ్చింది. అందులో ప్లాసిబోకు 'నిష్క్రియ ఔషధం' అని ఉన్నది. తప్పు కాదు గాని ఆవిడకు అందలేదు. పక్కన పెన్సిలుతో 'ఉత్తుత్తి మాత్ర' అని రాసిచ్చాను. రెండు రోజులు చదివి, పిల్లలతో మాట్లాడి, ఆయన కాస్త తేటగా ఉన్న ఒక ఉదయం ఆయనకూ చదివి వినిపించి, ఇద్దరూ సంతకాలు చేశారు. ఆయనకు అందుతున్నది ఏదో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం తెలుసు.