కారేపల్లికి ఎన్ని అక్షరాలు? ఓపెన్ సోర్స్‌లో ప్రోగ్రామింగ్ చదువు

కారేపల్లి అనే పేరులో అక్షరాలెన్నని ఒకటో తరగతి పిల్లను అడిగితే కా, రే, ప, ల్లి అంటూ నాలుగు వేళ్లు ముడుస్తుంది. అదే పేరు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు ఇచ్చి పొడవెంతో చెప్పమంటే తొమ్మిది అంటుంది. క ఒకటి, దాని దీర్ఘం ఒకటి, ర ఒకటి, ఏత్వం ఒకటి, ప ఒకటి, ఆ తర్వాత ల, పొల్లు, మళ్లీ ల, చివర గుడి. ఇలా ప్రతి గుర్తునూ విడివిడిగా లెక్కపెడుతుంది. ఆ పేరును తిరగేసి రాయమంటే ఇంకా చిత్రం. ముందు ఎవరికీ చెందని ఒంటరి గుడి, దానికి ఆసరాగా చుక్కల వలయం, ఆ వెనక ‘ల్లపేరాక’ అని వస్తుంది.

పైథాన్ తప్పు చేయడం లేదు. కంప్యూటర్లలో అన్ని లిపులకూ వాడే ప్రమాణం యూనికోడ్‌లో తెలుగును దాచే పద్ధతే అది. మనిషి కంటికి కనిపించే అక్షరాన్ని గుర్తుపట్టాలంటే ఆ గుర్తులను మళ్లీ గుదిగుచ్చే నియమాలు కావాలి. తెలుగు ఒత్తులను ముందున్న హల్లుతో కలిపి ఒకే అక్షరంగా లెక్కించే నియమం యూనికోడ్ ప్రమాణంలోకి 2023 సెప్టెంబరులో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకు ముందరి నియమంతో నడిచే లైబ్రరీకి కారేపల్లి ఇస్తే ల్, లి అని విడగొట్టి ఐదు అంటుంది. పేరు పెట్టెలో పట్టేలా కత్తిరించే చోట, అక్షరాలతో ఆడే పజిళ్లలో ఈ తేడా బయటపడుతుంది. తెలుగు చదవడం రాని ఇంజనీరు ఎంత గొప్పవాడైనా దీన్ని కంటితో పట్టుకోలేడు. కారేపల్లి విద్యార్థికి ఒక్క చూపు చాలు.

ఓపెన్ సోర్స్ గురించి కారేపల్లి ప్రాంతపు విద్యార్థితో మాట్లాడాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుకునే పల్లె విద్యార్థుల మాటల్లో మూడు భయాలు తరచుగా వినిపిస్తాయి. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకోకపోతే కోడింగ్ రాదన్నది ఒకటి. ఖరీదైన లాప్‌టాప్ కావాలన్నది రెండోది. ఇంగ్లిష్ గడగడా రాకపోతే ఈ రంగంలో చోటు లేదన్నది మూడోది. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్ వెళ్లే రైలు మార్గంలో, ఇల్లెందు లైను చీలే జంక్షన్ ఊరైన కారేపల్లిలో, చుట్టూ తండాలూ గూడేలూ ఉన్న మండలంలో ఈ భయాలు ఉత్తవేమీ కావు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవారికి దారి చెప్పేవాళ్లు దొరకరు. ఆ లోటును కొంతవరకైనా పూడ్చేది ఓపెన్ సోర్స్.

ఓపెన్ సోర్స్ అంటే డబ్బు కట్టకుండా దొరికే సాఫ్ట్‌వేర్ అని చాలామంది అనుకుంటారు. డబ్బు సంగతి అందులో చిన్న భాగం. ఆ ప్రోగ్రాం ఎలా రాశారో ఎవరైనా తెరిచి చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని నలుగురికీ పంచవచ్చు. ఈ హక్కులను లైసెన్సు పత్రమే ఇస్తుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ ప్రాజెక్టును ప్రకటించింది ఈ హక్కుల కోసమే. 1991 ఆగస్టులో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్, తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని తోటివారికి చెప్పి, ఏమేం కావాలో సూచించమని అడిగాడు. కొన్ని వారాలకే కోడ్‌ను అందరి ముందూ పెట్టాడు. ఆ లినక్స్ కెర్నలే ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ అడుగునా ఉంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్‌కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఆ కుర్రాడు కోడ్‌ను దాచుకోకుండా బయటపెట్టాడు, తప్పులు దిద్దినవారి మాట విన్నాడు. విద్యార్థి గమనించాల్సింది అదే.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరు 10న మొదలుపెట్టిన వెన్న నాగార్జున ‘పద్మ’ అనే పరికరాన్నీ తయారుచేశారు. అప్పట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటుతో వాళ్లు నడిచేవి. ఆ ఫాంటు లేనివారికి తెరమీద పిచ్చిగీతలే కనిపించేవి, వెతికితే ఏదీ దొరికేది కాదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో చదివించింది పద్మ. 2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ లినక్స్ ఆధారంగా తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టాన్ని తెచ్చింది. తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులను ఈ పనిలోకి దించడం ఆ సంస్థ ప్రత్యేకత. తెలుగు కథలు చెప్పే కృత్రిమ మేధ నమూనా ‘చందమామ కథలు’ కోసం వేల పేజీల జానపద కథలను డిజిటల్ పాఠంగా మార్చి, అచ్చుతప్పులు దిద్దింది అలాంటి విద్యార్థులే. ఆ పనిలో తెలుగు చక్కగా రావడమే అసలు అర్హత అయింది.

కేరళలో స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే బృందం 2002లో కాలికట్‌లోని ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి చొరవతోనే మొదలైంది. ఫాంట్లు, స్పెల్‌చెక్, అనువాదాలు అన్నీ అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు చేసుకున్నారు. తెలుగులో ఇంత పని ఇంకా మిగిలే ఉంది. కోయ, లంబాడీ భాషల విషయానికొస్తే దాదాపు అంతా చేయవలసిందే.

ఇక పరికరాల మాట. కంప్యూటర్ లేనివారు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే లినక్స్ కమాండ్లు నేర్చుకోవచ్చు, పైథాన్ నడపవచ్చు, కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే గిట్ వాడవచ్చు. దాన్ని ఓపెన్ సోర్స్ యాప్‌ల భాండారం ఎఫ్-డ్రాయిడ్ నుంచి దించుకోవడం మేలు. చిన్న తెరమీద పెద్ద ప్రోగ్రాం రాయడం కష్టమే, కానీ మొదటి రెండు మూడు నెలలకు సరిపోతుంది. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనేవారికి ఇది మంచి కాలం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు పనికిరాని పాత యంత్రాల మీద లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. దానికి 2 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి, 4 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. ఇన్‌స్టాల్ చేసే ముందు పాత ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టుకోవడం మరవకూడదు.

ఇంగ్లిష్ భయం ఉన్నవారికి ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ ఉంది. లినక్స్, పైథాన్, లిబ్రే ఆఫీస్ వంటి వాటిమీద పది నిమిషాల చిన్న చిన్న వీడియో పాఠాలు, చాలావాటికి తెలుగు గొంతు, పైసా ఖర్చు లేదు. చూసి వదిలేస్తే లాభం లేదు. వీడియో ఆపి, పక్కన చేసి చూసి, మళ్లీ ముందుకెళ్లాలి. అయితే ఇంగ్లిష్‌ను పూర్తిగా పక్కన పెట్టేయమని ఎవరూ చెప్పకూడదు. ప్రాజెక్టుల్లో చర్చలు ఇంగ్లిష్‌లోనే జరుగుతాయి. కానీ అక్కడ కావలసింది రాతలో చిన్న చిన్న వాక్యాలు. ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది అన్న మూడు ముక్కలు స్పష్టంగా రాయగలిగితే మంచి బగ్ రిపోర్టు అయినట్టే. ఇలాంటివి రాస్తూ పోతే ఇంగ్లిష్ దానంతటదే మెరుగవుతుంది.

పైన చెప్పిన అక్షరాల లెక్కనే తీసుకుందాం. విద్యార్థి పైథాన్‌లో తెలుగు పదాలు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం రాస్తాడు. ఒత్తులున్న పదాల దగ్గర లెక్క తప్పుతోందని చూస్తాడు. వాడిన లైబ్రరీ కోడ్‌ను ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులుండే గిట్‌హబ్ సైటులో తెరిచి, అది ఏ యూనికోడ్ వెర్షన్‌ను అనుసరిస్తోందో వెతుకుతాడు. ఇదే సమస్యను ఇంకెవరైనా ముందే రాశారేమో చూస్తాడు. రాయకపోతే తాను రాస్తాడు. కారేపల్లి, ఇల్లెందు, కొత్తగూడెం అనే మూడు పేర్లను పరీక్షగా ఇచ్చి, రావలసిన జవాబు, వస్తున్న జవాబు పక్కపక్కన పెడతాడు. ప్రాజెక్టు నిర్వాహకులు సరేనంటే ఆ కోడ్‌ను తన ఖాతాలోకి ఫోర్క్ చేసుకుని, విడిగా ఒక బ్రాంచ్ తీసి, తప్పు దిద్ది, పరీక్షలు జోడించి, మార్పులను కలుపుకోమని కోరే పుల్ రిక్వెస్ట్ పంపుతాడు. వాళ్లు నాలుగు తప్పులు చూపిస్తారు. దిద్ది మళ్లీ పంపుతాడు. ఈ ఒక్క పనిలో స్ట్రింగులు, యూనికోడ్, టెస్టింగ్, గిట్, ఇతరుల కోడ్ చదవడం, మర్యాదగా వాదించడం అన్నీ వచ్చేస్తాయి. సంవత్సరమంతా నోట్సు రాసుకున్నా వీటిలో కొన్ని రావు.

కోడ్ ఇంకా రానివారు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో మొదలుపెట్టవచ్చు. 2004లో మొదలైన ఈ ప్రపంచపటాన్ని మామూలు జనమే గీస్తారు. ఖాతా తెరిచి తమ మండలాన్ని దగ్గరగా చూస్తే, తండాకు వెళ్లే బాట, గూడెం పేరు, చెరువు, బోరింగు, అంగన్‌వాడీ ఏవేవి గీయలేదో తెలుస్తుంది. పేరును తెలుగులోనూ చేర్చడానికి విడిగా ఒక గడి ఉంటుంది. ఒకటే నిబంధన. గూగుల్ మ్యాప్ చూసి ఎక్కించకూడదు, అది లైసెన్సుకు విరుద్ధం. తిరిగి చూసినది, తెలిసినది మాత్రమే చేర్చాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లో ఏ గూడెం ఎక్కడుందో, అక్కడికి బాట ఎటునుంచో పటంలో ఉండటం ఎంత అవసరమో ఈ ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. ఇలా మొదలైనవారు ఆసక్తి ఉంటే భౌగోళిక సమాచారాన్ని పటాలతో విశ్లేషించే జీఐఎస్ వైపు వెళ్లవచ్చు. అందులో వాడే క్యూజీఐఎస్ కూడా ఓపెన్ సోర్సే.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగానే చేయాలి. రెజ్యూమె కోసం, టీషర్టు కోసం చేసే పని ప్రాజెక్టులను సతాయిస్తుంది, చేసినవారికీ చెడ్డపేరు తెస్తుంది. ప్రతి అక్టోబరులో జరిగే ఓపెన్ సోర్స్ ఉత్సవం హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో పనికిమాలిన పుల్ రిక్వెస్టులు వరదలా వచ్చిపడితే, ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా నిర్వాహకులు నిబంధనలు మార్చారు. 2024 ఆరంభంలో ఎక్స్‌ప్రెస్ జేఎస్ ప్రాజెక్టుకు ఇంకో గతి పట్టింది. యూట్యూబ్ పాఠంలో చూపిన ఉదాహరణను చూసినవాళ్లు చూసినట్టే అనుకరించి, ఆ ప్రాజెక్టు రీడ్‌మీ ఫైలులో తమ పేర్లు చేరుస్తూ పుల్ రిక్వెస్టులు గుప్పించారు. వాటిలో ఎక్కువ మన దేశపు విద్యార్థులవే. ఇప్పుడు కృత్రిమ మేధ రాసిచ్చిన ఉత్తుత్తి బగ్ రిపోర్టులు కొత్త బెడద. కర్ల్ అనే ఓపెన్ సోర్స్ పరికరం రూపకర్త డేనియల్ స్టెన్‌బర్గ్ వీటిమీద బహిరంగంగానే మండిపడ్డారు. చాట్‌బాట్‌ను అడిగి నేర్చుకోవడంలో తప్పులేదు. తనకే అర్థం కాని కోడ్‌ను తన పేరుతో పంపడం మాత్రం తప్పు.

జీతం సంగతికి వద్దాం. ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో డబ్బెక్కడిదని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. ఓపెన్ సోర్స్ మీదే వ్యాపారం చేసిన రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 2019లో 34 బిలియన్ డాలర్లకు కొన్నది. ముంబయిలోని ఫ్రాపే సంస్థ తన వ్యాపార సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్‌ను ఓపెన్ సోర్స్‌గా ఇచ్చే నిలదొక్కుకుంది. షేర్ల బ్రోకింగ్ సంస్థ జెరోధా ఇలాంటి ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్ల వరకు ఇచ్చే నిధిని 2024లో ప్రకటించింది. ఇలాంటి చోట్ల అభ్యర్థి చేసిన పని చూస్తారు. కానీ క్యాంపస్ ఇంటర్వ్యూలకు వచ్చే పెద్ద కంపెనీల్లో చాలావరకు ఇప్పటికీ మార్కుల కటాఫ్, ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్లు అడుగుతాయి. అందుకని గిట్‌హబ్ ఖాతా ఉందికదా అని డిగ్రీని అశ్రద్ధ చేయడం తెలివైన పని కాదు. రెండూ సాగాలి. ఇంటర్‌తో ఇంటి దగ్గరే ఉండిపోవలసి వచ్చినవారు ఐఐటీ మద్రాస్ 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ కోర్సునూ చూడవచ్చు. దానికి జేఈఈ అక్కర్లేదు, అర్హులకు ఫీజు రాయితీ ఉంది. ఉద్యోగం హైదరాబాద్‌లోనే ఉండాలన్న నియమమూ లేదు. ఖమ్మంలో ఐటీ హబ్ 2020 డిసెంబరులోనే మొదలైంది.

చదువుకుంటూ సంపాదించే అవకాశాల్లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ పేరున్నది. 2005లో మొదలైంది. 2022 నుంచి విద్యార్థులకే పరిమితం కాకుండా, ఓపెన్ సోర్స్‌కు కొత్తవారై 18 ఏళ్లు నిండినవారందరికీ తెరిచారు. సుమారు 90, 175, 350 గంటల ప్రాజెక్టులుంటాయి. భృతి దేశాన్ని, ప్రాజెక్టు పరిమాణాన్ని బట్టి మారుతుంది. ఔట్రీచీ సాంకేతిక రంగంలో వివక్షను ఎదుర్కొంటున్నవారికి, తక్కువ ప్రాతినిధ్యం ఉన్నవారికి ఇచ్చే ఇంటర్న్‌షిప్. దీనికి 7,000 డాలర్ల భృతి ఉంటుంది. గిరిజన ప్రాంతపు ఆడపిల్లలు దీని అర్హతలు తప్పక చదవాలి. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు వేసవి ఫెలోషిప్‌లు ఇస్తుంది. ముందు ఒక పని అప్పగించి, అది చేసి చూపినవారిని తీసుకుంటుంది. కళాశాల పేరుకన్నా పనికి విలువనిచ్చే ఈ పద్ధతి చిన్న ఊళ్ల విద్యార్థులకు ఎంతో మేలు.

సమ్మర్ ఆఫ్ కోడ్‌లో పాల్గొనే సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చి, ఏప్రిల్ నెలల్లో తీసుకుంటారు. జాబితా వచ్చాక పరుగెత్తేవారికి కోడ్ అర్థం చేసుకునే వ్యవధి ఉండదు. అంతకు ముందు ఏడాది పాల్గొన్న సంస్థల పేర్లు అదే సైటులో ఎప్పుడూ ఉంటాయి. ఖమ్మం, కొత్తగూడెం కళాశాలల్లో డిగ్రీ, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నవారు ఆ పేర్లలో ఒక్కదాన్ని ఎంచుకుని దసరా సెలవుల్లోనే దాని కోడ్ దించుకోవాలి, తమ యంత్రంలో నడిపి చూడాలి, సంక్రాంతిలోపు ఒక చిన్న దిద్దుబాటైనా పంపాలి.