సార్ ఊళ్లో లేనప్పుడు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, పంజాగుట్ట కాంప్లెక్సుల్లో కన్సల్టెన్సీలు, ఆడిటర్ ఆఫీసులు. చిన్నవాటిల్లో అన్నీ చూసుకునేది ఒక్క సారో, మేడమో. పక్కన ఒక అసిస్టెంట్. సార్ అమెరికాలో కూతురి దగ్గరికెళ్తే తాళాలూ ఫోన్లూ తిట్లూ అన్నీ ఆ అసిస్టెంట్‌వే. ఈ చిట్కాలు వాళ్లకి.

1. ప్రయాణానికి ముందు సార్‌ని ఓ పావుగంట అడిగి తీసుకోండి. "ఏం పనులున్నాయి సార్?" అనకండి, ఆయనకు మాత్రం ఎక్కడ గుర్తుంటాయి! ఎంత వరకు నేనే ఖర్చు పెట్టొచ్చు, ఏది అడక్కుండా చెయ్యకూడదు, మీరు దొరక్కపోతే ఎవర్ని అడగాలి అని అడగండి. జవాబులు వాట్సాప్‌లో పెట్టి ఆయనతో "ఓకే" అనిపించుకోండి.

2. తేదీలు సార్ కోసం ఆగవు. టీడీఎస్ కట్టడానికి మామూలుగా 7, నెలనెలా వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 11, పీఎఫ్, ఈఎస్ఐ 15, జీఎస్టీఆర్-3బి 20. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులుండవు. ఆయన ఓటీపీ అవసరమైన పనులన్నీ ఆయన ఉండగానే ముగించండి. విమానంలో ఉన్న మనిషి నుంచి ఓటీపీ రాదు. ఇక చెక్కులు: నమ్మకంతో ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇస్తానన్నా వద్దనండి. పేరూ, మొత్తమూ రాయించి, క్రాస్ చేయించి తీసుకోండి. పోతే నింద మీ మీదే.

3. ఫోన్లో "సార్ పదిరోజుల దాకా రారండీ" అని ఊరందరికీ చెప్పకండి. ఆయన ఇంటికి తాళం వేసుందని చాటింపు వేసినట్టే. "సీట్లో లేరండి, విషయం చెప్పండి, రాసుకుంటాను" చాలు.

4. కోచింగ్ సెంటరైతే, "సార్ ఫీజు తగ్గిస్తామన్నారు" అంటూ వచ్చేవాళ్లు సరిగ్గా ఆయన లేనప్పుడే వస్తారు. తగ్గించకండి, తిప్పి పంపనూ వద్దు. పేరూ నంబరూ రాసుకుని, అడిగి సాయంత్రానికి చెప్తామని ఈలోగా డెమో క్లాసులో కూర్చోబెట్టండి. అమీర్‌పేటలో మెట్లు దిగిన కుర్రాడు పక్క బిల్డింగు మెట్లెక్కేస్తాడు.

5. షట్టర్ రోజూ తీసే టైముకే తియ్యండి. సార్ వాకబు చేసేది మిమ్మల్ని కాదు, కింద టీ బండాయన్ని.

6. ప్రతిదానికీ ఫోన్ చెయ్యకండి. రోజుకొక్క మెసేజ్: అయినవి, ఆగినవి, ఆయన చెప్పాల్సినవి. మూడో దాంట్లో ప్రశ్నతో పాటు మీ సలహా కూడా రాస్తే ఆయన "సరే" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఎండాకాలంలో మన సాయంత్రం ఆరున్నర న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది. అప్పుడు పంపితే జవాబు దొరుకుతుంది.

7. టీ, జిరాక్స్, ఆటో, ఏదైనా సరే వోచర్ రాయండి.

8. సార్ ఫోటో ఉన్న కొత్త నంబరు నుంచి "మీటింగులో ఉన్నాను, మాట్లాడలేను, ఈ ఖాతాకి అర్జెంటుగా డబ్బు వెయ్యి" అని మెసేజ్ వస్తే అది సార్ కాదనే అనుకోండి. పాత నంబరుకి చేసి గొంతు విన్నాకే డబ్బు మాట. ఆయన ఎత్తకపోతే ఆపెయ్యండి. ఎంత కోప్పడినా రేపు కోపం తగ్గుతుంది, వెళ్లిన డబ్బు మాత్రం అంత తేలిగ్గా రాదు. పొరపాటున పంపేస్తే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, ఆ తర్వాత బ్యాంకుకి. ఎంత తొందరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

9. తిరిగొచ్చిన రోజు పొద్దున్నే కాగితాల కట్ట ముందు పెట్టకండి. చెడ్డ వార్త ఉంటే మాత్రం మొదటి మాటే అది కావాలి, ఇంకొకరి నోట వినేలోపు. మీ సెలవు సంగతి మూడో రోజు అడగండి, ధైర్యంగా అడగండి.